ఒకే కంప్యూటర్‌కు ఐదు గుమ్మాలు: ఫైళ్లు పంచే ప్రోగ్రాముల్లో ఏది ఎవరికి?

కోనసీమలో కాలువ గట్టున కట్టిన పాత ఇళ్లకు రెండు గుమ్మాలు ఉంటాయి. వీధి గుమ్మంలోకి ఉత్తరాలు, చుట్టాలు వస్తారు. పెరటి వైపు రేవులోకి కొబ్బరికాయల పడవ వచ్చేది. ఏది ఎటు నుంచి రావాలో, ఎటు నుంచి పోవాలో ఇంట్లో పిల్లలకు కూడా తెలిసేది. అమలాపురంలో నేను అప్పుడప్పుడూ వెళ్లి చూసిపెట్టే ఒక ఫోటో స్టూడియోలోని ఎడిటింగ్ కంప్యూటర్‌కు అంతకంటే ఎక్కువే గుమ్మాలున్నాయి గానీ, దేనికి ఏ గుమ్మమో చెప్పే పెద్దదిక్కు మాత్రం లేదు.

లెక్కపెడితే ఇలా తేలింది. ఫైబర్ రౌటర్ నుంచి తీగ మీద వచ్చే ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ను చేరడానికి వాడే అంకె, 192.168.1.20. గాలివానకు కొబ్బరి మట్ట విరిగి ఫైబర్ తీగ మీద పడ్డప్పుడల్లా ఆదుకునే ఫోన్ హాట్‌స్పాట్ ద్వారా వైఫైకి మరొకటి. పక్క బల్ల మీది బ్యాకప్ పెట్టెకు నేరుగా వేసిన తీగ మీద 10.10.10.1. భీమవరంలోని ఆల్బమ్ ల్యాబ్‌తో మాట్లాడే వీపీఎన్‌కు (ఇంటర్నెట్ మీద తాళం వేసిన సొంత దారి) ఇంకొకటి. ఎప్పుడో పరీక్షకు పెట్టి మరిచిపోయిన వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రామ్) తనకు తానే తెచ్చుకున్న 192.168.56.1 కూడా ఉంది. పైన రాసిన అంకెలు ఐపీవీ4 అనే పాత తరహావి; వీటన్నిటి పైన ఐపీవీ6 అనే కొత్త తరహా పొడవాటి చిరునామాలు, అందులో ఒకటి గోప్యత కోసం మామూలుగా రోజుకోసారి మారిపోయేది.

మామూలు వెబ్ బ్రౌజర్‌కు ఇవన్నీ పట్టవు. అది బయటికి అడుగుతుంది, జవాబు తెచ్చుకుంటుంది. కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు ఫైళ్లు పంచే ప్రోగ్రామ్ సంగతి వేరు. ‘నేను ఫలానా చోట ఉన్నాను, వచ్చి పట్టుకెళ్లండి’ అని అది నలుగురికీ చెప్పుకోవాలి. ఇన్ని చిరునామాలు ఉన్నప్పుడు ఏది చెప్పాలి? చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

ప్రోగ్రామ్ ఎంచుకునే ముందు మీ అవసరం మూడింటిలో ఏదో తేల్చుకోండి. ఎన్ని దారులున్నా ఒక్కదానిలోనే వెళ్లాలా? ఉన్న దారులన్నీ ఒకేసారి వాడుకోవాలా? లేక ఒక దారి మూసుకుపోతే అడగకుండానే ఇంకొకటి పట్టుకోవాలా? చాలామంది మూడూ కావాలంటారు. మూడూ ఒకే ప్రోగ్రామ్‌లో బాగా కుదిరినది నేను చూడలేదు. ఇక్కడ నేను మాట్లాడేది సొంత వీడియోలు, సొంత ఫోటోలు, స్వేచ్ఛగా పంచుకోవడానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేర్ గురించి. కొత్త సినిమాల దొంగ కాపీలకు ఈ సలహా వర్తించదు.

మిమ్మల్ని దేనితో గుర్తుపడుతుంది?

కొన్ని ప్రోగ్రాములకు చిరునామాయే మనిషి. 2002లో వచ్చిన ఈమ్యూల్ ఇందుకు పాత ఉదాహరణ. బయటి నుంచి నేరుగా చేరగలిగిన వారికి అది ఇచ్చే హై ఐడీ అనే అంకెను వారి ఐపీవీ4 చిరునామా నుంచే లెక్కగట్టేది. చిరునామా మారితే ఆ అంకె కూడా మారిపోయేది. బయటి నుంచి చేరలేని వారికి లో ఐడీ దక్కేది, అలాంటివారు ఇద్దరు ఒకరినొకరు నేరుగా కలవలేరు.

బ్రామ్ కోహెన్ 2001లో విడుదల చేసిన బిట్‌టొరెంట్ కొంత నయం. ఫైలును ముక్కలు చేసి అందరూ ఒకరికొకరు పంచుకునే టొరెంట్ పద్ధతి ఇదే. ప్రతి ప్రోగ్రామ్‌కూ తాత్కాలికంగా పీర్ ఐడీ అనే గుర్తింపు ఉంటుంది. అయినా మిమ్మల్ని ఇతరులకు పరిచయం చేసే ట్రాకర్ మాత్రం మీ పలకరింపు ఏ చిరునామా నుంచి వచ్చిందో దాన్నే తన చిట్టాలో రాసుకుంటుంది. ఐపీవీ4లో ఒకసారి, ఐపీవీ6లో ఒకసారి పలకరిస్తే చిట్టాలో ఇద్దరు మనుషులు తేలతారు. ఇద్దరూ ఒకరేనని ట్రాకర్ పోల్చుకోవడానికి పలకరింపులోనే ఒక ‘కీ’ పంపే ఏర్పాటు ఉంది. ట్రాకర్ లేకుండా, కంప్యూటర్లే ఒకదాని జాడ మరొకటి రాసిపెట్టుకునే డీహెచ్‌టీలో ముడి ఇంకాస్త బిగుసుకుంటుంది. అక్కడ భద్రత కోసం మీ గుర్తింపు సంఖ్యను బయటి చిరునామాతో ముడిపెట్టే పద్ధతి ఉంది కనుక, రెండు బయటి చిరునామాలుంటే రెండు సంఖ్యలు, రెండు పట్టికలు నడపాలి. మంచి ప్రోగ్రాములు ఆ పని చేస్తాయి.

కొన్ని కంప్యూటర్లలో ఫోల్డర్లను ఒకేలా ఉంచే సింక్‌థింగ్ దారి పూర్తిగా వేరు. ఇక్కడ మీ పేరు మీ తాళమే. కంప్యూటర్‌లో పుట్టిన సర్టిఫికెట్ నుంచి లెక్కగట్టిన 56 అక్షరాల పరికర సంఖ్యే గుర్తింపు. చిరునామాలు ఎన్ని మారినా, ఎన్ని కలిసినా అది మారదు. చిరునామా కేవలం ఇవాళ్టి దారి. నా ఎంపికలన్నీ చివరికి ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతాయి: తెలిసిన నలుగురి మధ్య అయితే తాళంతో గుర్తించేది తీసుకోండి, తెలియని నలభై మందికి పంచాలంటే టొరెంట్ తీసుకోండి.

క్యూబిట్‌టొరెంట్: ఒక్క గుమ్మానికే కట్టేయాలంటే

టొరెంట్లలో మొదట చెప్పేది దీని పేరే. దీని లోపల నడిచే లిబ్‌టొరెంట్ అనే ఇంజిన్ 1.2 రూపం నుంచి పలు చిరునామాల వ్యవహారాన్ని చక్కగా తీర్చిదిద్దింది. వినే ప్రతి చిరునామా మీద నుంచీ విడివిడిగా ట్రాకర్‌ను పలకరిస్తుంది, అదే గదిలో ఉన్న తోటి కంప్యూటర్ల కోసం ప్రతి అడాప్టర్ (కంప్యూటర్‌కున్న ఒక్కో నెట్‌వర్క్ గుమ్మం) మీదా పిలుపు పంపుతుంది. అందుకే ఏమీ ముట్టుకోకుండా వదిలేస్తే మన వర్చువల్‌బాక్స్ అడాప్టర్ మీద కూడా కేక వేస్తుంది. అక్కడ వినేవాడు ఎవడూ ఉండడు. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు. నష్టం లేదు గానీ, వాడని అడాప్టర్లను ఆపేస్తే చిట్టా శుభ్రంగా ఉంటుంది.

దీని అసలు బలం అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఉంది. అక్కడ రెండు గడులు కనిపిస్తాయి. ఒకటి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్, రెండోది దానికింద ఐచ్ఛికంగా ఇచ్చే ఐపీ చిరునామా. మొదటి దానిలో వీపీఎన్ అడాప్టర్‌ను ఎంచుకుంటే, వీపీఎన్ తెగిన క్షణాన టొరెంట్ ఆగిపోతుంది తప్ప ఇంకో గుమ్మంలోంచి తొంగిచూడదు. ఫోన్ హాట్‌స్పాట్ డేటా తాగేయకుండా ఫైబర్ అడాప్టర్‌కే కట్టేయడానికీ ఇదే గడి.

రెండో గడి జోలికి పోకండి. ‘అన్ని చిరునామాలు’ అని వదిలేయండి. నేను పోయాను. ఒక పెళ్లి వీడియోల మూట, 160 జీబీ, టొరెంట్‌గా భీమవరం పంపుతూ ఆ గడిలో 192.168.1.20 ఎంచి, పని అయిపోయిందని ఇంటికి వెళ్లాను. ఆ రాత్రి ఉరుములకు రౌటర్ కాలిపోయింది. స్టూడియో కుర్రవాడు ఇంట్లో ఉన్న పాత రౌటర్ తెచ్చి తగిలించాడు. అది ఇచ్చిన చిరునామా 192.168.0.5. తెల్లవారి తలుపు తీస్తే బ్రౌజర్ బ్రహ్మాండంగా నడుస్తోంది, పంపకం మాత్రం 11 శాతం దగ్గర నిలబడి ఉంది. తప్పు కనబడే ఎర్ర అక్షరం ఒక్కటీ లేదు. ప్రోగ్రామ్ నేను చెప్పినట్టే చేసింది: 192.168.1.20 అనే చిరునామా ఇంటికి తిరిగి వస్తుందేమోనని రాత్రంతా గుమ్మంలో కూర్చుంది. అడాప్టర్‌కు కట్టవలసిన చోట చిరునామాకు కట్టాను. తప్పు నాది.

అడాప్టర్‌కు కట్టడానికి, చిరునామాకు కట్టడానికి ఇంకో తేడా లినక్స్ వాడేవారికి తెలియాలి. లినక్స్‌లో మీరు వైఫై చిరునామా ఎంచినంత మాత్రాన ప్యాకెట్, అంటే డేటా మూట, వైఫైలోంచే పోవాలని లేదు. ఎటు పోవాలో రూటింగ్ పట్టిక చెబుతుంది. కవరు మీద ‘నుంచి’ చిరునామా వైఫైది, కవరు పడేది మాత్రం ఫైబర్ పెట్టెలో. అవతలి కంపెనీ ఆ కవరును చించి పారేస్తుంది. అడాప్టర్ పేరు ఇస్తే అనుసంధానాన్ని ఆ అడాప్టర్‌కే బంధించే వీలుంది కనుక ఈ గొడవ ఉండదు. విండోస్ ఈ విషయంలో విస్టా కాలం నుంచీ కట్టుదిట్టం.

క్యూబిట్‌టొరెంట్‌లో ఇంకో మీట గురించి మన ప్రాంతం వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒకే ఐపీ నుంచి ఒకటికి మించిన అనుసంధానాలను అనుమతించే మీట మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఇప్పుడు చాలా చోట్ల ఫైబర్ ఇచ్చేవారు వీధి మొత్తానికి ఒకే బయటి చిరునామాను పంచుతున్నారు. వీధంతటికీ ఒకే డోర్ నంబరన్నమాట. మీ రౌటర్ పేజీలో బయటి చిరునామా 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ వీధిలోనే ఉన్నారు. అమలాపురంలో రెండు స్టూడియోలు ఒకే కేబుల్ ఆపరేటర్ దగ్గర ఉంటే, భీమవరంలోని కంప్యూటర్‌కు ఆ రెండూ ఒకే మనిషిలా కనిపిస్తాయి. రెండోవాణ్ణి తలుపు దగ్గరే తిప్పి పంపేస్తుంది. భీమవరం వైపు ఆ మీట వేస్తే సరిపోతుంది. ఒకరికి అనేక చిరునామాలున్న సమస్య అని నన్ను అడిగినవారిలో చాలామందికి నిజానికి ఉన్నది, అనేకమందికి ఒకే చిరునామా అనే ఈ తిరగబడిన సమస్యే.

రెండు లైన్లు కలిపితే రెట్టింపు వేగం వస్తుందా?

“ఫైబరూ, ఫోనూ రెండూ ఒకేసారి పెడితే రెట్టింపు రాదా అండీ?” అని స్టూడియో యజమాని ప్రతి పెళ్లిళ్ల సీజనులో అడుగుతారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన సంగతి ఆయనకు చెప్పి లాభం లేదు, కనుక కారణం చెబుతాను. ప్రోగ్రామ్ రెండు గుమ్మాల దగ్గరా వినవచ్చు. కానీ తనంతట తాను బయటికి కలిపే ప్రతి అనుసంధానం కంప్యూటర్ ఏ దారిని ముందు పెట్టిందో దానిలోనే పోతుంది. విండోస్‌లో మెట్రిక్ అనే అంకె ఏ అడాప్టర్‌కు తక్కువ ఉంటే అదే ముందు. కాబట్టి రెండో లైను దాదాపు ఖాళీగా కూర్చుంటుంది. లోపలికి వచ్చేవారు రావచ్చు కదా అంటే, ఫోన్ లైను ఐపీవీ4లో మామూలుగా బయటివాళ్లను లోపలికి రానివ్వదు.

నిజంగా రెండూ వాడి తీరాలంటే రెండు పేర్లున్నాయి. మొదటిది బిగ్లీబీటీ, అజూరియస్ అనే పాత టొరెంట్ ప్రోగ్రామ్ వంశం. బైండ్ (అడాప్టర్‌కు కట్టేసే) గడిలో ఒకటికి మించిన అడాప్టర్లను సెమికోలన్లతో వరసగా రాస్తే అనుసంధానాలను వాటి మధ్య పంచుతుంది, స్థానిక నెట్‌వర్క్ వేగానికి విడిగా పరిమితి పెట్టనిస్తుంది. జావా మీద నడుస్తుంది కనుక కంప్యూటర్ మెమరీ ఎక్కువ తింటుంది, సెట్టింగుల పేజీలు సంతబజారులా ఉంటాయి. ఓపిక ఉన్నవారికి మంచిది. రెండోది ఏరియా2 అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్, కిటికీలూ బొమ్మలూ లేనిది, ఆజ్ఞలు టైపు చేసి నడిపేది. అందులో మల్టిపుల్ ఇంటర్‌ఫేస్ అనే మీట దగ్గర అడాప్టర్ల జాబితా ఇస్తే అభ్యర్థనలను వాటి మధ్య విడగొడుతుంది. అదే ఆజ్ఞలో ఒక్క అడాప్టర్‌ను ఎంచే మాట కూడా పెడితే జాబితాను పక్కనపెట్టేస్తుంది, అది గుర్తుంచుకోవాలి. రెండిటికీ లినక్స్‌లో రూటింగ్ నియమాలు విడిగా రాయక తప్పదు.

ఇంత శ్రమా దేనికి? రోజుకు 2 జీబీ వచ్చే ఫోన్ ప్లాన్ మీద 200 జీబీ పెళ్లి పంపాలంటే వంద రోజులు. ఈలోగా ఆ దంపతులు శ్రీమంతం ఫోటోలకు వస్తారు.

ట్రాన్స్‌మిషన్: పాత పెట్టెలో పడి ఉండటానికి

చిన్న కంప్యూటర్‌లో రాత్రింబవళ్లు నడవాలి, ఒకే లైను ఉంది అంటే ఈ టొరెంట్ ప్రోగ్రామ్. ఐపీవీ4కు ఒకటి, ఐపీవీ6కు ఒకటి, రెండే బైండ్ చిరునామాలు. సున్నాలతో వదిలేస్తే అన్నిటి మీదా వింటుంది. ఇక్కడ చిరునామాకు కట్టడమే ఉంది కనుక, కట్టదలిస్తే రౌటర్‌లో ఆ కంప్యూటర్‌కు చిరునామా మారకుండా స్థిరం చేయండి. సెట్టింగ్స్ ఫైలు దిద్దే ముందు ప్రోగ్రామ్‌ను ఆపండి. నడుస్తుండగా దిద్దితే ఆగేటప్పుడు అది తన పాత అంకెలనే మళ్లీ రాసేస్తుంది, మీరేమో గంటసేపు తల పట్టుకుంటారు.

సింక్‌థింగ్: దారి మారినా మనిషి మారని చోట

స్టూడియోకి, ల్యాబ్‌కి, యజమాని ఇంటికి మధ్య తిరిగే ఫైళ్లకు నేను చివరికి దీన్నే పెట్టాను. 2013లో మొదలైన ఈ ప్రోగ్రామ్ తన దగ్గరున్న చిరునామాలన్నీ, ఎవరెక్కడున్నారో చెప్పే డిస్కవరీ సర్వర్‌కు చెబుతుంది, గదిలో ఉన్నవాళ్లకు 21027 పోర్టు (చిరునామాలో గది నంబరు లాంటిది) మీద పిలుపు వేస్తుంది, అవతలి పరికరానికి తెలిసిన దారులన్నిటినీ ఒక వరసలో ప్రయత్నిస్తుంది. డేటా పంపే పద్ధతులు ఇందులో రెండు, టీసీపీ, క్విక్. ఆ వరస ఇది: మొదట స్థానిక నెట్‌వర్క్‌లో టీసీపీ, తరువాత స్థానికంగా క్విక్, తరువాత బయటి టీసీపీ, బయటి క్విక్, ఏదీ కుదరకపోతే రిలే, అంటే మధ్యవర్తి సర్వర్. రిలేలను స్వచ్ఛందంగా నడుపుతారు, లోపలి సరుకు తాళం వేసే పోతుంది, వేగం మాత్రం ఎద్దుబండే. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రిలే మీద నడుస్తుండగా మెరుగైన దారి తెరుచుకుంటే దానికి మారిపోతుంది. కొబ్బరి మట్ట పడి ఫైబర్ పోయి, హాట్‌స్పాట్ మీదికి వచ్చి, మళ్లీ ఫైబర్ వచ్చినా ఎవరూ ఏ మీటా నొక్కనక్కర్లేదు. ఫైలును ముక్కలుగా లెక్కపెట్టుకుంటుంది కనుక రాని ముక్కలే తెచ్చుకుంటుంది.

ఒక్క చోట మాత్రం దాని తెలివి మీద ఆధారపడకండి. స్టూడియో కంప్యూటర్, బ్యాకప్ పెట్టె రెండూ వైఫైలోనూ ఉన్నాయి, నేరుగా తీగతోనూ కలిసి ఉన్నాయి. సింక్‌థింగ్ దృష్టిలో రెండూ స్థానిక టీసీపీయే, రెండిటికీ ఒకే ర్యాంకు. ముందు ఏది పలికితే దానితో సర్దుకుంటుంది. ఒకరోజు పక్కపక్క బల్లల మీదున్న రెండు పెట్టెల మధ్య ఫైళ్లు నత్తనడక నడుస్తుంటే చూస్తే, మధ్యలో తీగ ఖాళీగా ఉంది, మాటలు వైఫైలో సాగుతున్నాయి. రెండు వైపులా అవతలి పరికరం వివరాల్లో చిరునామాల గడిలోని ‘డైనమిక్’ అనే మాట చెరిపి, తీగ చిరునామాను, అంటే ఒకవైపు 10.10.10.2, రెండోవైపు 10.10.10.1, 22000 పోర్టుతో రాసి పెట్టాను. గిగాబిట్ తీగ మీద 200 జీబీ సుమారు అరగంట పని. అదే 100 ఎంబీపీఎస్ ఫైబర్ మీద బయటికి పంపాలంటే, అంతా సవ్యంగా ఉంటే నాలుగున్నర గంటలు.

ఫోన్ డేటా భయం ఉంటే, ప్రతి పరికరానికీ ‘అనుమతించిన నెట్‌వర్కులు’ అనే గడి ఉంది. బ్యాకప్ పెట్టెకు అక్కడ 10.10.10.0/24 (10.10.10తో మొదలయ్యే చిరునామాలన్నీ) అని రాస్తే, అది ఆ తీగ మీద తప్ప ఇంకెక్కడా కలవదు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో పెట్టుకునేవారు మాత్రం గమనించండి: ఆ ప్రాజెక్టు సొంత ఆండ్రాయిడ్ ఆప్‌ను 2024 డిసెంబరుతో ఆపేశారు, ఇతరులు కొనసాగించే రూపాలే దిక్కు. ఇంకో జాగ్రత్త. ఇది పంపే సాధనం కాదు, రెండు చోట్ల ఒకేలా ఉంచే సాధనం. ఒకచోట ఫోల్డర్ తుడిచేస్తే రెండోచోటా తుడుచుకుపోతుంది. కనీసం ల్యాబ్‌లో తుడిచింది స్టూడియోకు పాకకుండా ల్యాబ్ వైపు ‘స్వీకరించడం మాత్రమే’, స్టూడియో వైపు ‘పంపడం మాత్రమే’ అని పెట్టండి.

మిగతావి

గదిలోని ఫోన్ నుంచి కంప్యూటర్‌కు నాలుగు ఫోటోలు అంటే లోకల్‌సెండ్ చాలు. అది ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లనే వెతుకుతుంది. ఫోన్ వైఫైలో, కంప్యూటర్ వేరే హాట్‌స్పాట్‌లో ఉంటే ఒకరికొకరు కనిపించరు, రౌటర్‌లో అతిథి వైఫై ఉన్నా అంతే. ఫైళ్లు పంచే ఇంకో వ్యవస్థ ఐపీఎఫ్‌ఎస్. అది చిరునామాల వ్యవహారాన్ని అందరికంటే పద్ధతిగా చూస్తుంది. పీర్ ఐడీ ఒకటి, దానికింద చిరునామాల జాబితా, బయటివాళ్లకు మీరు ఏ చిరునామాలో కనిపిస్తున్నారో తోటివాళ్లే తిరిగి చెప్పే ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. అయితే అద్దె సర్వర్లో పెట్టినప్పుడు అది లోపలి చిరునామాలన్నిటినీ తట్టి చూస్తుంది, సర్వర్ యజమానులు దాన్ని దాడి అనుకుంటారు. దానికోసమే ‘సర్వర్’ అనే ప్రొఫైల్ ఉంది, అది పెట్టాకే నడపాలి. పెళ్లి ఫోటోలకు ఇంత యంత్రాంగం వద్దు.

ఏది ఎంచుకున్నా ఐపీవీ6ను మాత్రం ఆపేయకండి. వేగం తగ్గుతుందని ఎవరో చెప్పారని చాలామంది మొదట చేసే పని అదే. అటూ ఇటూ వీధికొక డోర్ నంబరు పద్ధతిలో ఇరుక్కున్న రెండు ఇళ్లు ఐపీవీ4లో నేరుగా కలవడం కష్టం. ఐపీవీ6లో ఎవరి చిరునామా వారిది. రౌటర్ ఫైర్‌వాల్‌లో ఒక పోర్టు తెరిస్తే చాలు, సింక్‌థింగ్‌కు 22000, టొరెంట్‌కు మీరు పెట్టుకున్నది. భీమవరం ల్యాబ్‌తో మేము రిలే నుంచి బయటపడింది ఆ ఒక్క మార్పుతోనే.

ఇప్పుడు స్టూడియోలో ఉన్నది ఇది. ల్యాబ్‌కు, ఇంటికి సింక్‌థింగ్. బ్యాకప్‌కు అదే, తీగ చిరునామాతో. పెళ్లివారి బంధువులు ఇరవై మంది వీడియో అడిగినప్పుడు క్యూబిట్‌టొరెంట్, ఫైబర్ అడాప్టర్‌కు కట్టి, రెండో గడి ముట్టుకోకుండా. వర్చువల్‌బాక్స్ తీసేశాం. కొబ్బరి చెట్టు మాత్రం పక్కింటివారిది.